చుట్టుపక్కలోళ్ళ ఫోటో

పోయిన నెల మా ఫిజిక్స్ సారు పోయారని తెలిసిన మర్నాడు ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది.

"మేడం, నాన్నది మంచి ఫోటో ఒకటి ఉంటె పంపుతరా? ఫ్లెక్సీకి గావాలె. ఇంట్ల ఒక్కటి సక్కగ లేదు. ఆధార్ కార్డుల ఉన్నది గాని, అండ్ల నాన్నను చూస్తె పోలీసులకు దొరికినోని లెక్క ఉన్నడు."

నాకు నవ్వాగలేదు. అవతల తండ్రి పోయిన పిల్ల, ఇవతల నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం. సిగ్గుతో చచ్చాననుకోండి. కాసేపటికి ఆ పిల్లా నవ్వింది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

ఫోన్ పెట్టేసి పాత ఆల్బం తీశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోతే ఒక చెప్పుల షాపు, దాని పైన రెండంతస్తుల్లో మా ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఆయన ఫిజిక్సు, నేను కెమిస్ట్రీ. పద్నాలుగేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నాం. ఏటా గ్రూప్ ఫోటో తీసేవారు. ఒక్క ఫోటోలోనూ ఆయన లేరు! ఒకదాంట్లో మోచెయ్యి ఉంది, ఇంకోదాంట్లో అర భుజం. కానీ ప్రతి ఫోటోలో మేమంతా కెమెరాను వదిలేసి ఎడమ వైపు చివరకు చూస్తూ పగలబడి నవ్వుతున్నాం. ప్రిన్సిపాల్ గారైతే పొట్ట పట్టుకుని ఉన్నారు. ఫోటోగ్రాఫరు "రెడీ" అనగానే ఆ చివరి నుంచి ఈయన ఏదో ఒక మాట వదిలి పక్కకు తప్పుకునేవారు. అదీ సంగతి.

చివరకు పెద్ద అంబర్‌పేట్ దగ్గర తోటకు పిక్నిక్‌కు పోయినప్పటి ఫోటో ఒకటి దొరికింది. మొక్కజొన్న కంకి కొరుకుతూ ఉన్నారు. కంకి వరకు కత్తిరించి పంపాను. "ఇదే మేడం మా నాన్న" అంది ఆ పిల్ల.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన అయిదేళ్ళకు కృష్ణబిలం, అదే బ్లాక్ హోల్, ఫోటో మొదటిసారి పేపర్లో పడింది. చుట్టూ మసకగా నారింజ రంగు కంకణం, నడుమ నలుపు. అది చూపించి నేను "మొత్తానికి మీ దేవుడి ఫోటో వచ్చేసిందండీ" అన్నాను. ఆయన అద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

"ఇది దాని ఫోటో కాదు మేడం. దాని చుట్టుపక్కలోళ్ళ ఫోటో. అది ఎవ్వనికి దొరకది" అన్నారు. ఆ గర్వం చూడాలి, సొంత బాబాయి గురించి చెబుతున్నట్టు!

కృష్ణబిలాలు మా సిలబస్‌లో లేవు. ఆయన శనివారం చివరి పీరియడ్‌లో అవే చెప్పేవారు. "దాంతో ర్యాంకు రాదు కదయ్యా" అని ప్రిన్సిపాల్ గొణిగితే, "ర్యాంకు రాదు సార్, గాని నిద్ర గూడ రాదు" అనేవారు. నిజమే, శనివారం సాయంత్రం నా క్లాసులో సగం మంది తూలుతుంటే పక్క క్లాసు హోరెత్తిపోయేది. మధ్యలో ఉన్నది ప్లైవుడ్డు గోడ. నాకు తెలిసిన ఖగోళమంతా ఆ ప్లైవుడ్డు గుండా వచ్చిందే.

"వెలుతురు గూడ బయటికి రాదు దాంట్లకెళ్ళి. వెలుతురు రాకుంటె కండ్లకు కనబడదు. మరి ఉన్నదని ఎవడు చెప్పిండ్రా?" సుద్దముక్క బోర్డు మీద టకటకమనేది. "దాన్ని చూడకుండ్రి. దాని చుట్టుపక్కలోళ్ళను చూడుండ్రి. హంస రాశిల ఒక పెద్ద నీలి నక్షత్రమున్నది. ఆరు రోజులు గూడ పట్టది, ఒక చుట్టు తిరుగుతది. దేని చుట్టు? ఆడ చూస్తె ఏం లేదు. గంత పెద్ద నక్షత్రం ఖాళీ జాగ చుట్టు తిరుగుతదా? పిచ్చిదా అది?"

పిల్లలు నవ్వేవారు. నేను కార్బన్ బంధాలు ఆపి వినేదాన్ని.

"ఎంత దూరంల తిరుగుతున్నది, ఎంత జోరుగ తిరుగుతున్నది. ఈ రెండు తెలిస్తె నడుమ ఉన్నదాని బరువు తెలుస్తది. ఇంకోటి. అది ఆ నక్షత్రం మీది గ్యాసును గుంజుకుంటది. గ్యాసు లోపల పడే ముందు సుడి తిరిగి, ఒకదానికొకటి రాసుకొని, కాగి కాగి ఎక్స్-రేలు ఇడుస్తది. లోపలికి పోయినంక సప్పుడు లేదు. పోయే ముందే లొల్లంత. ఆ లొల్లి మనం పట్టుకుంటం."

"అది బ్లాక్ హోల్ కాక ఇంకేదన్న అయితె సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"మంచిగడిగినవ్ బిడ్డా. అయితె నువ్వే చెప్పు. మన పాలపుంత నడుమ ఒక నక్షత్రం పదహారేండ్లకు ఒక చుట్టు తిరుగుతున్నది. లెక్క కడితె నలభై లక్షల సూర్యుళ్ళ బరువు ఉన్నది ఆడ. గంత బరువు, గంత చిన్న జాగల, కనబడకుంట ఇంకేది పడతది? దొరికిన్నాడు నాకు చెప్పు, నేనే పేరు మారుస్త."

ఆయనది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. మగ్గం వదిలేసి చదువుకున్నారు గానీ చేతులు వదల్లేదు. నూలుకు రంగెక్కించే ముందు డిజైను ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్లు కడతారట, కట్టు కట్టిన చోట రంగు అంటదు. ఆ అలవాటు కొద్దీ ఈయన దారం ముక్క కనబడితే చాలు దేనికో దానికి కట్టేవారు. ఆన్సర్ పేపర్ల కట్టకు, డస్టరుకు, నా హ్యాండ్‌బ్యాగు జిప్పుకు. ఇంటికెళ్ళి టిఫిన్ బాక్సు తియ్యబోతే జిప్పు తెరుచుకునేది కాదు, ఆయన్ని తిట్టుకుంటూ కత్తెర వెతుక్కునేదాన్ని. "మా అమ్మ, నేసిన చీర అంచు చూసి కట్టు ఎవరు కట్టిన్రో చెప్తది మేడం. కట్టు ఎప్పుడో ఇప్పేసిన్రు. రంగు అంటని జాగనే మిగిలింది. గా తెల్ల మచ్చ చూసి మనిషి పేరు చెప్తది" అనేవారు. ఫిజిక్సు ముందు అమ్మ దగ్గర నేర్చుకున్నానని ఆయన లెక్క.

ఆ విద్యను మనుషుల మీద కూడా ప్రయోగించేవారు. మా ప్రిన్సిపాల్ సిగరెట్లు మానేశారని వాళ్ళావిడ కంటే ముందు ఈయనే కనిపెట్టారు. ఎలాగంటే అటెండరు మొహం చూసి. సిగరెట్ల వంకన రోజుకు నాలుగుసార్లు రోడ్డు మీద షికారు కొట్టొచ్చే మనిషి, పాపం, స్టూలుకు అతుక్కుపోయి కూర్చున్నాడు. అన్నిసార్లూ పారేది కాదు లెండి. ఇంగ్లీషు మేడం చింతకాయలు తింటోందని చూసి, వెళ్ళి శుభాకాంక్షలు చెప్పొచ్చారు. ఆవిడ రెండు వారాలు ఈయనతో మాట్లాడలేదు. "డేటా తక్కువైంది మేడం" అని నా దగ్గర నాలుక కరుచుకున్నారు.

మా ఇద్దరికీ ఫ్యాను దగ్గర రోజూ యుద్ధమే. నాకు అయిదులో తిరగాలి, ఆయనకు రెండు. పేపర్లు ఎగురుతాయని ఆయన, ఉడికిపోతున్నానని నేను. "మీ తెనాలిల సముద్రం గాలి ఉంటదా ఏంది?" "మా తెనాలికి సముద్రం లేదండీ, కనీసం ఆ జాగ్రఫీ అన్నా నేర్చుకోండి!" ఇలా. ఆ పోట్లాట అయ్యాకే టీ తాగేవాళ్ళం.

ఆ రోజుల్లోనే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. సకల జనుల సమ్మె రోజులు. కాలేజీ మూసేశారు, బస్సుల్లేవు. ఆయన మెడలో గులాబీ కండువా వేసుకుని రోజూ ధర్నాలో ఉండేవారు. ఒకరోజు జీతాల సంగతి కనుక్కుందామని దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి మన్సూరాబాద్‌లో మా అద్దె ఇంటికి తిరిగొస్తున్నాను. ఎల్.బి.నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని నిరసన చెప్పడమన్నమాట. ఒక పక్క అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క మా సారు పాఠం చెబుతున్నారు. తారు మీద సుద్దతో ఇంత గుండ్రం గీసి, దాని చుట్టూ పిల్లలను తిప్పుతున్నారు. దగ్గరి వాళ్ళు పరుగు, దూరం వాళ్ళు నడక. నడుమ ఏమీ లేదు.

దూరం నుంచి చూసిన పోలీసులకు అది వేరేగా కనబడింది. నాయకులను ఇళ్ళ దగ్గరే ఆపేస్తున్న రోజులవి. ఇంతమంది ఇంత జోరుగా చుట్టూ తిరుగుతున్నారంటే నడుమ ఎవరో పెద్ద మనిషిని దాచిపెట్టారనుకున్నారు. ఎస్సై, ఆరుగురు కానిస్టేబుళ్ళు జనాన్ని తోసుకుని లోపలికి వచ్చి చూస్తే, ఖాళీ సుద్ద గీత.

"ఎవరున్నరు ఈడ?" అన్నాడు ఎస్సై ఆయాసపడుతూ.

"ఎవ్వరు లేరు సార్. గదే పాఠం" అన్నారు ఈయన. "చుట్టు తిరిగేటోళ్ళను చూసి నడుమ బరువున్నదని మీరు పట్టుకున్నరు చూడుండ్రి, సైంటిస్టులు గిట్లనే పట్టుకుంటరు. గాని సార్, మీరిప్పుడు గీత లోపల నిలబడ్డరు. ఇగ మీరు బయటికి రారు."

ఎస్సై ఒక్క గెంతులో బయటికి వచ్చాడు. చౌరస్తా అంతా నవ్వు. సారును వ్యాన్ ఎక్కించారు, సాయంత్రం వదిలేశారు. ఎక్కే ముందు నన్ను చూసి, "మేడం, అన్నం తిని పోండ్రి! ఎండల వచ్చిన్రు" అని కేకేశారు.

ఎవరో విస్తరిలో అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టారు. నేను రెండు ముద్దలు తిన్నాక పక్కనున్న పెద్దాయన "ఏ ఊరు బిడ్డా మీది?" అని మామూలుగానే అడిగాడు. "తెనాలండీ" అన్నాను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా ఒకమ్మాయి గబగబా లేచి నాకు కుర్చీ తెచ్చి వేసింది. అందరూ రోడ్డు మీద కూర్చుని తింటుంటే నేనొక్కదాన్నే కుర్చీలో కూర్చుని తిన్నాను.

ఆ కుర్చీ దగ్గర్నుంచి నాకు భయం పట్టుకుంది. తిడితే తట్టుకునేదాన్నేమో గానీ మర్యాదను తట్టుకోలేకపోయాను. మా ఇంటి ఓనరమ్మ నల్గొండ వైపు మనిషి, మెట్ల మీద నించుని గంటలు గంటలు మాట్లాడేది. ఇప్పుడు నేను కనబడగానే గొంతు తగ్గించి "మంచిగున్నరా మేడం" అని లోపలికి పోయేది. కిరాణా కొట్టు అతను అడక్కుండానే మంచి టమాటాలు ఏరి ఇచ్చేవాడు. తెనాలి నుంచి మా నాన్న రోజూ ఫోను: "వచ్చెయ్యండమ్మా, అక్కడేం ఉందని?" మా ఆయనకు విజయవాడలో ఉద్యోగం దొరికేలా ఉంది. అప్పటికే ఎనిమిదేళ్ళుగా ఇదే నా ఊరు. నా కూతురు పుట్టిందిక్కడ. నాకు పోవాలని లేదు. ఉండాలంటే భయం. చివరకు పోదామనే అనుకున్నాం, కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

సమ్మె అయిపోయి కాలేజీ తెరిచిన పది రోజులకు స్టాఫ్ రూములో ఆయన పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే అడిగారు.

"ఎప్పుడు పోతున్నరు మేడం?"

"ఎక్కడికండీ?"

"మీకే తెల్వాలె. మార్చి దాక చెప్పే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఉరికిస్తున్నరు, నవంబర్లనే అయిపోయేటట్టున్నది. కిటికీల మొక్కకు నీళ్ళెట్ల పొయ్యాలో అటెండరుకు నేర్పుతున్నరు. గవన్ని సరే. పది దినాల సంది ఫ్యాను రెండు మీదనే ఉన్నది. మీరొక్క మాట అంట లేరు. పోయేటోళ్ళే గట్ల మంచిగుంటరు."

ఇంక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. కుర్చీ సంగతి కూడా చెప్పాను. ఆయన ఎర్రపెన్ను కింద పెట్టారు.

"నేను గూడ కండువా ఏసుకున్న గద. నన్ను చూస్తె గూడ భయమైందా?"

అబద్ధం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. "కొంచెం" అన్నాను.

ఆ రోజు ప్లైవుడ్డు అవతల ఆయన బోర్డు మీద లెక్కలు వేసి ఊరుకున్నారు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి నా టేబులు దగ్గర నిలబడి ఉన్నారు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తెలంగాణ రావాలె మేడం. నేను ఇడువ. మీరుండాలె. గది గూడ ఇడువ. రెండు గావాలె నాకు."

"రెండూ అయ్యే పనేనా అండీ?"

"తెల్వదు. రెండు నెలలు ఆగుండ్రి. అప్పటికి గూడ పోవాలనిపిస్తె నేనే సామాన్లు కడత. కట్లు కట్టుడు మాకు నేర్పియ్యక్కర లేదు."

సరే, రెండు నెలలే కదా అని ఆగాను. ఆ రెండు నెలల్లో మా వీధికి ఏం గాలి సోకిందో గానీ అందరికీ నా మీద ఒళ్ళుమంట మొదలైంది. కిరాణా కొట్టు అతను మెత్తబడ్డ టమాటాలు వేశాడు. ఇదేంటయ్యా అంటే "గట్లనే ఉంటయ్, కొంటె కొను లేకుంటె లేదు" అన్నాడు. నేనూరుకుంటానా, తక్కెడలోవన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటే ఏరుకున్నాను. ఇక ఓనరమ్మ అయితే పొద్దున్నే నీళ్ళ మోటరు దగ్గర కాపు కాసేది. నేను రెండు బిందెలు పడితే మూడంటుంది, నల్లా బంద్ చేస్తుంది, నేను మళ్ళీ తిప్పుతాను. గొంతులు వీధి చివరిదాకా వినపడేవి. నాలో ఇంత గయ్యాళి ఉందని నాకే తెలియదు. కాలేజీకి వచ్చి ఆ ఊపులోనే ఫ్యాను అయిదుకు పెట్టేదాన్ని. సారు కిమ్మనకుండా పేపర్ల మీద డస్టరు పెట్టుకునేవారు.

ఒకరోజు పొద్దున బస్సు టైమైపోతోందని పోట్లాట మధ్యలో వదిలి గేటు దాటుతుంటే ఓనరమ్మ వెనక నుంచి అరిచింది: "పో, పో! ఏడికి పోతవ్? రేపు పొద్దుగాల మళ్ళ ఈడనే గద ఉండేది నువ్వు!"

ఎల్.బి.నగర్ బస్టాపు దాకా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. రేపు కూడా నేనిక్కడే ఉంటానని ఆవిడ అంత కోపంగా నమ్మింది. బస్సు ఎక్కకుండా నిలబడి మా ఆయనకు ఫోన్ చేసి, విజయవాడ ఉద్యోగం వద్దని చెప్పేశాను.

రాష్ట్రం వచ్చిన రోజు సారు పెద్ద డబ్బా నిండా జిలేబీ తెచ్చి మొదట నాకే పెట్టారు. "ఎట్లున్నది మేడం? దిల్‌సే చెప్పుండ్రి" అన్నారు. "కొంచెం బాధగా ఉందండీ. జిలేబీ మాత్రం చాలా బాగుంది" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి ఇంకో రెండు వేశారు.

సారు పోయిన పదకొండో రోజు అల్మాస్‌గూడలో ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో షామియానా, కంకి కొరుకుతున్న సారు ఫ్లెక్సీ. లోపల ఆడవాళ్ళ మధ్య మా పాత ఓనరమ్మ కూర్చుని ఉంది. పక్కన కిరాణా కొట్టు అతను, తెల్లబడ్డ తలతో. నాకు అర్థం కాలేదు. వీళ్ళకు సారు ఎలా తెలుసు?

"అయ్యో, సారు తెల్వకపోవుడేంది మేడం?" అంది ఓనరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "సమ్మె అయినంక ఒక ఐతారం మీరు ఇంట్ల లేనప్పుడు స్కూటర్ మీద వచ్చిండు. 'మీ కిరాయి మేడంను ఎట్ల చూసుకుంటున్రు?' అన్నడు. 'మస్తు మర్యాదగ చూసుకుంటున్నం సారూ, పరాయి మనిషి, పరేషాన్ల ఉన్నది, ఒక్క మాట గూడ అంట లేం' అన్న. 'గదే తప్పు చేస్తున్రు' అన్నడు. 'మీ ఆడబిడ్డతోని గట్లనే మర్యాదగ ఉంటరా? జర కొట్లాడుండ్రి ఆమెతోని, లేకుంటె పోతది' అన్నడు. దేని మీద కొట్లాడాలె సారూ అంటె, మోటరు చూపెట్టిండు. ఈ కిరాణం ఆయన దగ్గరికి గూడ పోయిండు. మీకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు."

ఒక నక్షత్రం ఖాళీ చుట్టూ తిరగదని ప్లైవుడ్డు గుండా ఎన్ని శనివారాలు విన్నాను! ఒకే నెలలో ఒక వీధి వీధంతా తీరు మార్చుకుంటే, నడుమ ఎవరున్నారని నాకు తట్టనే లేదు.

"మరి నీళ్ళు?" అన్నాను.

"నీళ్ళకేమైంది? ఆ యాడాది మన బోర్ల నీళ్ళు మస్తుండె. ట్యాంకు పొర్లుతుండె. మీకు కనబడకుంట పొద్దుగాల్నే నేనే వాల్వు తిప్పి, నల్లా సన్నగ వచ్చేటట్టు పెడుతుంటి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. అంతలో ఒక అనుమానం గుండెల్లో గుచ్చుకుంది. అడక్కపోతే బతకలేననిపించింది.

"ఒకరోజు గేటు దగ్గర అరిచావు చూడు, రేపు పొద్దున మళ్ళీ ఇక్కడే కదా ఉండేది నువ్వు అని. అది కూడా సారే అనమన్నారా?"

ఓనరమ్మ నా వంక వింతగా చూసింది.

"సారు ఎందుకంటడు? అది నేనే అన్న. బిందె సగంల ఇడిచి పోతుంటె నాకు నిజంగనే మండింది."